కొమురెల్లి దస్తి

గోదావరిఖని, నది ఒడ్డు. రెండు వేల పదకొండు, ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. చనిపోయిన రాజానికి ఇవాళ పదో దినం. మెట్ల కింద క్షౌరం చేసే పోశం, రాజం చిన్నకొడుకు భూపాల్. కాస్త అవతల, నోట్లో దస్తి, అంటే చేతిరుమాలు, కుక్కుకుని, పెద్దకొడుకు కొమురెల్లి.

“పెట్ట. ఆ నెత్తి మీద నేను కత్తి పెట్ట. ఇంకో మాట చెప్పు.”

“ఇంకో మాటేముంటది పోశం కాక. దినం మా బాపుది. నెత్తి మా అన్నది. కత్తి నీది. మూడు ఒక్కకాడికి వస్తె పని అయిపోతది.”

“కత్తి నాది గాబట్టే చెప్తున్న. నువ్వు కూసో భూపాల్, నీ గుండు గీకుత. మీ పెద్దబాపు సదయ్యది గీకుత. ఆ మెట్ల మీద తడి నెత్తులు పట్టుకొని కూసున్నోళ్లందరియి గీకుత. కొమురెల్లిది తప్ప.”

“అట్లెట్ల. కొరివి పెట్టినోని నెత్తి మొదలు గావాలె. పెద్దకొడుకు గుండు గాకుంట ఇంకెవ్వని ఎంటిక తెగొద్దు. గిది నువ్వే చెప్తవు అందరి దినాలల్ల.”

“పద్ధతి నాకు నేర్పుతున్నవా?”

“నేర్పుతలేను. యాది చేస్తున్న. మా పెద్దబాపు నెత్తి తడిపి ఎంత సేపాయె చూడు. ఇంకొంచెం సేపు అట్లనే కూసుంటె ఆయన నెత్తి మీద నాచు పడతది. పిండం పెట్టినంక పిట్ట రాదు, చేపలొస్తయి.”

“నవ్వియ్యకు. దినం కాడ నవ్వొద్దు.”

“నేను నవ్వుతలేను కాక. నా మొఖం చూడు.”

“సదయ్య గూడ అన్నడు గదా. పెద్దోన్ని ఇడిసిపెట్టుండ్రి, చిన్నోనికి గీకితె సరిపోతది, వానికేం తెలుస్తది అని.”

“పెద్దబాపు అన్నడు. బాపు అనలే. బాపు దవాఖానల పండి ఒక్కటే మాట చెప్పిండు, నా దినం నాడు కొమురెల్లి గుండు ఇయ్యాలె అని. నా గురించి ఒక్క మాట లేదు. నేను ఇయ్యకున్నా నడుస్తదట. వాడు ఇయ్యాలె.”

“రాజన్న అట్ల అన్నడా?”

“అన్నడు. ఆ మాటనంక ఇగ మాట్లాడలే. నర్సు గూడ ఇన్నది.”

“ఇంకెవలనన్న పిలుసుకోరాదు మరి.”

“యాడికెళ్లి? బస్సులు బంద్. పెద్దపల్లికెళ్లి వస్తనన్నాయిన ఫోన్ల సొంత మనిషి లెక్క ఏడ్సిండు, రాలే. ఖనిలోళ్లంత చౌరస్తాల ధర్నాల కూసున్నరు. నువ్వొక్కనివే దొరికినవు.”

“నా కర్మ. ఒక పని చేద్దాం. కత్తెరతోని ఒక్క ఎంటిక కత్తిరిస్త. ఒక్క ఎంటిక పోతె గుండు అయినట్టే లెక్క. దేవుడు ఒప్పుకుంటడు.”

“ఒక్క ఎంటిక.”

“కత్తెరను గూడ గా కట్టెకు కట్టుకొని, గింత దూరంకెళ్లి.”

“గా ఏటిల పడవ ఉన్నది చూడు కాక. అండ్ల ఎక్కి, అవుతలి ఒడ్డుకు పోయి, ఆడికెళ్లి కత్తిరియ్యి. మంచిర్యాల దిక్కు మా సుట్టాలున్నరు, నీకు చాయ గూడ పోస్తరు.”

“నీకు అన్నీ ఎకసెక్కాలే.”

“భయమా కాక?”

“భయమేందిరా. నాకేం భయం. మొన్న సమ్మె కోసమని చౌరస్తాల రోడ్డు మీద కుర్చీ ఏసి గడ్డాలు గీకిన. పోలీసోళ్లు లాఠీలు పట్టుకొని సుట్టు నిలవడ్డరు. నా చెయ్యి వణికిందా అడుగు.”

“చూసిన. ఒక జవాను గదువ నిమురుకున్నడు, వంతు వస్తె నేనూ కూసుందు అన్నట్టు.”

“గదే మరి. భయం కాదు. రోత.”

“రోత?”

“రోత. నోట్లె ఆ దస్తి చూడు. ఎప్పుడు చూసినా గుడ్డ కుక్కుకొని నములుతనే ఉంటడు. సొంగ. గదువ మీదికెళ్లి మెడ, మెడ మీదికెళ్లి అంగి. ఆ సొంగ నా చేతి మీద పడితె నేను ఇంటికి పోయి అన్నం తినాల్నా, వద్దా?”

“నీ బ్రష్షు చూసుకున్నవా కాక? అది ఎన్ని మూతులు నాకిందో దానికే యాది లేదు. మా తాత గడ్డం సబ్బు ఇంకా అండ్లనే ఉన్నది. నీ తువ్వాల కాడికి పోతె అదే లేచి నిలవడి చోటు ఇస్తది. నీ డబ్బ చూస్తె నాకు వాంతికొస్తది. అయినా నెత్తి ఇస్తలేనా?”

“నా పనిముట్లను అనకు. పొద్దున్నే వేడి నీళ్లల్ల కడిగిన.”

“కడిగి ఆ నీళ్లు గోదాట్ల పారపోస్తివి. కింద మంథని కాడ చేపలకు గడ్డాలు రాలి తేలుతున్నయట.”

“ఒరేయ్.”

“సొంగ సంగతి నేను చూసుకుంట. కొత్త దస్తి తెచ్చిన. సొంగేనా, ఇంకేమన్న ఉన్నదా?”

“సొంగే.”

“సొంగకు ఎవ్వడన్న అంత ఎనుకకు జరుగుతడా? మాట్లాడుకుంట మాట్లాడుకుంట యాడికి పోయినవో చూసుకో. ఇంకో మెట్టు దిగితె నీకు గూడ దినం చెయ్యాలె.”

“ఎండ కొడుతుందని జరిగిన.”

“ఎండ గూడ నీ ఎనుకనే వచ్చింది కాక. ఆడ ఇంకా ఎక్కువున్నది.”

“వాని చూపు చూడు. రెప్ప కొడ్తలేడు.”

“పడవ చూస్తుండు. ఆయనకు పడవలంటె ఇష్టం. నిన్ను చూస్తలేడు. నువ్వేమన్న చూసేటంత అందగానివా?”

“పిచ్చోళ్ల చూపు అట్లనే ఉంటది. ఎటో చూస్తున్నట్టే ఉంటది, మన మీదనే ఉంటది.”

“పిచ్చి కాదు కాక. ఎన్నిమాట్ల చెప్పాలె. పిచ్చంటె మంచిగున్న మతి చెడుడు. మా అన్న మతి చెడలే, ఎదగలే. పుట్టినప్పుడు ఊపిరాడక మెదడు ఆడనే ఆగిందని కరీంనగర్ డాక్టర్ చెప్పిండు. నాలుగైదేండ్ల పిలగాడు. గడ్డం మొలిచిన పిలగాడు, అంతే.”

“పిలగాండ్లే కరుస్తరు.”

“ఏమంటివి?”

“ఏమనలే.”

“కరుస్తరు అంటివి.”

“అంటి. అయితె ఏంది? ఖని మొత్తానికి ఎరుకైన ముచ్చటనే. ఐలయ్యను కరిచిండా లేదా?”

“ఏ ఐలయ్యను?”

“బొగ్గుబాయిల టబ్బులు నూకే ఐలయ్యను. నీళ్ల టాంకీ కాడ మీ అన్న ఆయన మోచెయ్యి పట్టి కరిచిండట. ఒక వారం మంచిగనే ఉన్నడట మనిషి. ఒకనాడు రెండో షిఫ్టుల దిగినంక చీకట్ల మొరుగుడు షురూ చేసిండట. తోటోళ్లు బాయిలకు కుక్క దిగిందని లైట్లు ఏసి ఎతికిండ్రట.”

“ఆహా.”

“కుక్క యాడిది. ఐలయ్యనే. నాలుగు కాళ్ల మీద మీదికి ఉరికొచ్చిండట. దవాఖానల బొడ్డు చుట్టు సూదులే సూదులు. తగ్గలే. ఆఖరికి బాయి దీపాలిచ్చే లాంపు రూం గోడకు కాలెత్తిండట, అందరి ముంగట. నాకు చెప్పుతుంటెనే ఒళ్లు జలదరిస్తున్నది చూడు.”

“లాంపు రూం కాదు.”

“ఏంది?”

“లాంపు రూం గోడ కాదు కాక. మేనేజర్ సాబు జీపు టైరు. ఎనుకటి టైరు. లాంపు రూం నడుమ ఎవడో కలిపిండు. తప్పు.”

“నీకెట్ల ఎరుక? నువ్వు చూసినవా?”

“చూసుడేంది. పుట్టిచ్చిందే నేను.”

“దేన్ని?”

“ఐలయ్యను. పుట్టిచ్చింది నేనే, మొరిగిచ్చింది నేనే, సూదులు పొడిపిచ్చింది నేనే. జీపు ఆఖర్న యాదికొచ్చింది, అది మంచిగ కుదిరింది. ఆయన పెండ్లాం అన్నం పళ్లెం కింద పెట్టి కాలితోని నూకేదని గూడ ఉండె. ఆ ముక్క నీ దాక రాలేదా?”

“వచ్చింది. ఆ ముక్క ఇన్నంక నాకు రెండొద్దులు బువ్వ పోలే.”

“గట్లుండాలె కథ.”

“ఐలయ్య అనేటోడే లేడా?”

“ఐలయ్యలు చానమంది ఉన్నరు. మొరిగినోడు లేడు.”

“మీ అన్న ఎవ్వలను కరవలే?”

“ఆయనకు చెరుకు గడ కరవరాదు కాక. బాపు ఒలిచి ముక్కలు చేసి ఇస్తుండె.”

“థూ.”

“గోదాట్ల ఉమ్మకు.”

“గోదారి ఏం చేసింది? నీ మొఖాన ఉమ్మాలె. సొంత అన్న మీద కుక్క కథ కడతవా? మీ గల్లీకెళ్లి పోవాల్నంటె నేను సైకిల్ మీద రెండు కాళ్లు హాండిల్ దాక ఎత్తుకొని పోయేది, తొక్కుడు లేదు ఏం లేదు, దేవుని మీద భారం ఏసి. ఒకపారి మోర్ల పడ్డ. నోటిదాక మోరి నీళ్లు. గా రోత గిప్పుడు మల్ల వస్తున్నది. వాని సొంగ జూసి గాదు, నిన్ను జూసి.”

“నన్నంటవేంది. నేను గప్పుడు ఏడో తరగతి. నమ్మినోళ్లు మీసాలున్నోళ్లు. మనిషి మొరుగుడేంది, మీరు నమ్ముడేంది. మందమర్రికెళ్లి ఒకాయన వచ్చి, ఐలయ్య మాకు దూరపు సుట్టమే, పాపం అన్నడు. చాయ హోటలోడు మా అన్న తాగిన గిలాసను గునపంతోని తవ్వి పాతిపెట్టిండు. బతుకమ్మ నాడు ఆడోళ్లు ఈయన వస్తుండని బతుకమ్మలు ఆడనే ఇడిసిపెట్టి ఉరికిండ్రు. దేవుని ఇడిసిపెట్టి ఉరికిండ్రు కాక, లేని కుక్కకు. మిమ్ములందర్ని జూస్తె నాకెంత రోత పుట్టాలె?”

“నవ్వులాటకు చేసినవా?”

“ఆఁ. నవ్వులాటకే.”

“అబద్ధం.”

“అబద్ధమేంది?”

“నవ్వులాటకు చేసినోని మొఖం గట్లుండది. ఎండిపోయింది నీ మొఖం.”

“సమ్మె గదా కాక. జీతాల్లేవు. అందరియి ఎండినయ్.”

“భూపాల్.”

“ఏంది.”

“ఎందుకు కట్టినవు?”

“ఆయన ఎడమ చెవి చూడు. మీది ముక్క లేదు.”

“ఎలుక కొరికింది అన్నడు రాజన్న.”

“బాపు అందరికి గట్లనే చెప్పేటోడు. రాయి కాక. బడి ఇడిసిపెట్టంగనే పోరగాండ్లు లైను కట్టేటోళ్లు. ఎవల రాయి తలిగితె వానికి ఆడుకునే గోటీలు ఇనాం. ఈయన ఆటనుకొని నవ్వుకుంట నిలవడేటోడు. వాళ్లకు సులువైతదని ఇంకా దగ్గరికి పోయేటోడు. చెవి తెగిన్నాడు గూడ నవ్వుకుంటనే ఇంటికొచ్చిండు, అంగి మొత్తం రక్తం. బాపు డ్యూటీల ఉన్నడు. అవ్వ అప్పటికే లేదు. నేనేం చేద్దు? బక్కపోరన్ని. ఎంతమందిని కొడుదు? నాకు చేతులతోని కాదు, నోటితోని అయితది. ఐలయ్యను పట్టుకొచ్చిన.”

“రాళ్లు ఆగినయా?”

“తెల్లారి ఆగినయ్. ఈయన ఇటు వస్తె వాళ్లు అటు. రాజు లెక్క తిరిగిండు గల్లీల.”

“రాజు లెక్క.”

“ఆఁ.”

“నీ రాజు నా షాపుకు గూడ వచ్చిండు. రాజన్న చెయ్యి పట్టుకొని తోలుకొచ్చిండు, ఎప్పటి లెక్కనే. నేను షట్టర్ సగం గుంజిన.”

“ఎరుకే. కరెంటు లేదు అంటివట.”

“కత్తెరకు కరెంటెందుకు పోశం, అన్నడు రాజన్న. అని నవ్విండు. మల్ల రాలే. వాని మొదటి కటింగు నేనే చేసిన్ర. కుర్చీ మీద పీట ఏసి కూసోవెట్టిన. అద్దంల తనను తాను జూసుకొని ఒకటే నవ్వుడు. గప్పుడు ఈ దస్తి గిస్తి లేకుండె. ఉన్న పండ్లన్ని కనవడేటియి.”

“దస్తి తర్వాత అలవాటయింది. నేను బడికి పోయే రోజులల్ల. ఎందుకో ఎవ్వలకు తెల్వది. గుంజబోతె మూలుగుతడు.”

“నువ్వు వాన్ని కుక్కను చేసినవు. నేను షట్టర్ గుంజిన. మంచిగ కుదిరినం ఇద్దరం. తువ్వాల ఇటియ్యి.”

“చేస్తవా?”

“చేస్త. ఒక్కటే షరతు. నువ్వు ఎనుక నిలవడి తల పట్టుకో. కత్తి మస్తు పదును మీదున్నది. కదిలితె తెగుతది.”

“నేనా?”

“నువ్వే.”

“పెద్దబాపును పిలుస్త.”

“సదయ్య ఎందుకు? నువ్వున్నవు గదా.”

“నా చేతులు తడిగున్నయ్.”

“తుడుసుకో.”

“నేను చెంబు పట్టుకుంట కాక. నీళ్లు పొయ్యాలె గదా ఎవలన్న. నీళ్లు పోసుట్ల నన్ను మించినోడు ఈ జిల్లాల లేడు.”

“భూపాల్.”

“నాకు రక్తం పడది.”

“ఇంకా తెగలే. తెగొద్దనే పట్టుకోమంటున్న.”

“పట్టుకుంట. పట్టుకోనని అన్ననా? జరంత సేపు ఆగు.”

“కొరివి నాడు గూడ చూసిన నేను. వాని చెయ్యి సదయ్య పట్టుకున్నడు. నువ్వు కట్టెల కుప్పకు అటు దిక్కు. ఇయ్యాల ఆటోల వాడు ఎనుక, నువ్వు డ్రైవర్ పక్కకు, సగం బయటికి. ఆఖరుకు ఎప్పుడు ముట్టుకున్నవ్రా వాన్ని?”

“అన్నం పెడుతున్న గదా. బాపు పోయిన కాడికెళ్లి రోజు నేనే పెడుతున్న.”

“ఎట్ల పెడుతున్నవు?”

“పళ్లెంల.”

“పళ్లెం చేతికిస్తున్నవా?”

“గడప అవుతల పెడుత.”

“పెట్టి?”

“కట్టెతోని లోపటికి నూకుత.”

“కట్టెతోని.”

“మంచి కట్టె కాక. నున్నగ చెక్కిన.”

“ఐలయ్య పెండ్లాం లెక్క.”

“ఆ ముచ్చట అనకు.”

“నువ్వు కట్టిన ముచ్చటనే. కథ నాది అంటివి, ఎవ్వల్ని కరవలే అంటివి. మల్ల కట్టె ఎందుకు?”

“కథ నాదే. బరాబర్ నాదే. కాని ఎంతమందికి చెప్పిన్నో తెలుసా? అరుగు మీద కూసోవెట్టి చెప్పేది. అడిగి అడిగి చెప్పిచ్చుకునేటోళ్లు. ఈయన గూడ ఎనుక గోడకు ఒరిగి ఇనేటోడు, కథ ఆయనదే అయినా. ఆయనకేం సమజైతది. నిజం అన్నట్టే చెప్పాలె కాక, నవ్వితె పాయె, మల్ల రాళ్లొస్తయి. అట్ల నిజం అన్నట్టు చెప్పుకుంట చెప్పుకుంట... ఒకపారి ఈయన నీళ్ల కోసం నా మంచం పక్కకెళ్లి పోయిండు. నేను గోడకు అతుకపోయిన. నాకే యాదికొచ్చిండు ఐలయ్య. లేని ఐలయ్య. గప్పటి సంది దూరం పండుకున్న. ఎందుకురా అంటె, అన్న దగ్గర వాసనొస్తది బాపు అని చెప్పిన.”

“థూ.”

“ఇప్పుడు ఉమ్మింది బరాబర్ ఉమ్మినవు. మీరంత నా అబద్ధానికి భయపడ్డరు, సరే. నా అబద్ధానికి నేనే భయపడ్డ. బతుకమ్మను ఇడిసి ఉరికినోళ్లు నయం నా కంటె.”

“సదయ్య చెయ్యి ఊపుతుండు చూడు.”

“ఊపనీ. కాక, పెద్దబాపు పట్టుకుంటడు. నేను దూరం నిలవడత. గుండయితె చాలు గదా. బాపు మాట నిలవడతది.”

“సదయ్య పట్టుకుంటె వాడు గింజుకుంటడు. కొరివి నాడు చూస్తివి గదా. గింజుకున్న నెత్తి మీద నేను కత్తి పెట్ట. రాజన్న ఐతారం ఐతారం ఇంట్లనే గీకిండు గదా. గప్పుడు తల ఎవలు పట్టిండ్రు?”

“ఎవ్వలు పట్టలే.”

“మరెట్ల?”

“తలుపు పెట్టుకునేటోళ్లు. తలుపు పెట్టేదాక ఈయన లొల్లి. నేను ఒకపారి కిటికి సందుకెళ్లి చూసిన. ఎవ్వలు లేరు బిడ్డ, నేనే, నాకేం గాదు, దస్తి తియ్యి, అన్నడు బాపు. ఈయన తీసిండు. మనుషుల ముంగట సిగ్గేమో అనుకున్న. తీసి, బాపు చెవి పట్టుకున్నడు. అంతే కాక. చెవి పట్టుకుంటె ఇగ కదలడు.”

“చెవి?”

“చెవి. తనకు లేని ముక్క బాపుకు ఉన్నదా అని తడిమేటోడేమో.”

“అయితె చెవి గావాలె.”

“బాపు చెవి యాడికెళ్లి తెస్తం?”

“నీకు రెండున్నయి.”

“నా చెవులు చిన్నయి కాక.”

“మెట్ల మీద సుట్టాలు ఎండుతున్నరు. చెప్పు. రాజన్న మాట గావాల్నా, వద్దా?”

“గావాలె.”

“వచ్చి వాని ముంగట కూసో.”

“కూసున్న.”

“గది కూసునుడా? నడుమ నుంచి లారీ పోతది. జరుగు.”

“జరిగిన.”

“చెవి వంచు.”

“వంచిన. నన్నే చూస్తుండు కాక.”

“చూడనీ.”

“చెయ్యి లేపిండు. కాక, చెయ్యి లేపిండు.”

“నాకు కనవడుతున్నది. నువ్వే కండ్లు మూసుకున్నవు. తెరువు.”

“పట్టిండు.”

“నొప్పా?”

“లేదు.”

“మరి మొఖం అట్ల పెట్టినవేంది?”

“మెత్తగున్నది చెయ్యి. బాపు చెయ్యి లెక్క గరుకుంటదనుకున్న. చిన్న పిలగాని చెయ్యి లెక్కున్నది. వెచ్చగ.”

“చెవి ఊడిందా?”

“ఊడలే.”

“మొరగాలనిపిస్తున్నదా?”

“నవ్వియ్యకు కాక. దినం కాడ నవ్వొద్దు. కదులుత.”

“నువ్వు కదిలినా ఫికర్ లేదు. వాడు కదుల్తలేడు. నీళ్లు పోస్తున్న కొమురెల్లీ, సల్లగుంటది. గదీ. చూడు, ఎట్ల కూసున్నడో. ఇన్నేండ్లల్ల ఇంత నిమ్మళంగున్న నెత్తి నా చేతుల పడలే. లీడర్లు గూడ గింజుకుంటరు.”

“కాక, సొంగ నా మోకాలు మీద పడుతున్నది.”

“రోతనా?”

“తడి. వట్టి తడే.”

“నా చేతి మీద గూడ పడ్డది. పోయి అన్నం తింట తియ్యి.”

“ఎడమ దిక్కు కొంచెం ఉన్నది చూడు, చెవి కింద. తెగిన కాడ మెల్లగ.”

“నాకు చెప్తవా? ఆ చెవి మీదికి కత్తి పోతలేదు, బట్టతోనే తుడుస్తున్న. ఇగో, అయిపోయింది. గుండ్రంగ ఎంత మంచిగున్నది. రాజన్న గుండునే దింపినట్టు. సదయ్యా, నెత్తి ఇంకోపారి తడుపుకో, నీ వంతు వస్తున్నది.”

“చెవి ఇంకా ఇడుస్తలేడు కాక.”

“ఉండనియ్యి. నీకేమన్న డ్యూటీ ఉన్నదా? సమ్మెనే గదా. ఇగ మీసం, గడ్డం. దస్తి తియ్యమను.”

“తియ్యడు. బాపు ముంగట తప్ప ఎవ్వలున్నా తియ్యడు.”

“దస్తి ఉంటె మీసం ఎట్ల గీకుత? నువ్వు తియ్యి. గింత దూరం వచ్చినవు, నోటి కాడ ఆగుతవా?”

“అన్నా. కొమురెల్లన్నా. జర నోరు తెరువు. ఇగో, నేను అంచు పట్టుకున్న. నేనే పట్టుకున్న చూడు. మెల్లగ గుంజుత.”

“చెయ్యి అడ్డం పెడుతుండు.”

“ఎందుకే అన్న? తడిసి ముద్దయింది గది. కొత్తది ఇస్త, ఎర్ర గీతలది. పోశం కాకనే గదా, పరాయోడా?”

“భూపాల్, ఏమో అంటుండు. గుడ్డ ఎనుకకెళ్లి.”

“అంటుండా? ఆయన బాపుతోని తప్ప మాట్లాడడు కాక. నాతోని మాట్లాడక ఎన్నేండ్లాయె. ఏందే అన్న? మెల్లగ చెప్పు. దగ్గరికొచ్చిన, ఇంటున్న.”

“తియ్యకు తమ్మీ. తీస్తె నేను కరుస్తనట గదా. నువ్వే చెప్తివి. మల్ల నువ్వు ఐలయ్యవైతవు.”